విప్పుటకు వీలుగా అతికిన పలక



కొల్లేటి ఒడ్డున ఉన్న మా సంఘమునకు ఒక ఫిడేలు ఉండెను. మునుపు ఉపదేశిగా ఉండిన పెద్దాయన సాయంకాలపు ప్రార్థనలలో దానిని వాయించెడివారు. ఆయన గతించిన తరువాత అది గుడి బీరువాలో చాలాకాలము పడియుండెను. ఒక వర్షాకాలమున చెమ్మ తగిలి దాని పైపలక అంచువెంబడి విడిపోయెను. ఆ పనిలో నాకు ఏమియు తెలియకున్నను, బాగుచేయవలెనను ఆశతో బజారునుండి మిక్కిలి గట్టి జిగురు తెచ్చి, పలక నతికించి, పైన బరువులు పెట్టి రాత్రియంతయు ఉంచితిని. ఒకసారి అతికినచో ఇక ఎన్నడును ఊడదని ఆ డబ్బా మీద వ్రాసియుండెను. అది చదివి ఎంతో సంతోషించితిని.

రెండేండ్లకు దాని నాదము మందగించెను. కమాను వేసినప్పుడెల్ల లోపల ఏదో గిలగిల లాడుచుండెను. తాడేపల్లిగూడెంలో హార్మోనీలు, ఫిడేళ్లు బాగుచేయు ఒక వృద్ధునియొద్దకు దానిని తీసికొని పోతిని. ఆయన పలకను వేళ్లతో తట్టి చూచి, సన్నని కత్తిమొనను అంచున ఆనించి, తలయెత్తి, "దీన్ని ఎవరు అతికించారండీ?" అని అడిగెను.

"నేనేనండి" అంటిని.

"లోపల బద్ద ఒకటి ఊడిందండి. పలక తీస్తే చిన్న పని. కాని తమరు వేసిన జిగురు కర్రకంటె గట్టిది. ఇప్పుడు లాగితే జిగురు ఊడదు, కర్రే చీలుతుంది."

అంతకుముందు నేను ఎరుగని సంగతి ఒకటి ఆయన నాకు చెప్పెను. ఫిడేలు చేయువారు పలకలను పశువుల తోలునుండి ఉడికించి తీసిన జిగురుతో అతుకుదురు. అది ఏండ్లతరబడి నిలుచును. అయినను నీళ్లతడికి, వెచ్చదనమునకు లొంగును. పైపలకకు దానిని కొంచెము పలుచగానే వాడుదురట. ఏదో ఒకనాడు, ఏదో ఒక ఊరిలో, తాము చూడబోని ఒకడు ఆ పలకను తీసి లోపల బాగుచేయవలసి వచ్చునని వారికి తెలియును. వాని కొరకే వారు ఆ వీలును విడిచిపెట్టుదురు.

చదువరీ, ఆ మాట విని నేను ఇంటికి వచ్చు దారి పొడవున ఒకటే తలంచుచుంటిని. గట్టిగా చేయుటే మంచి పని అని మనమందరమును అనుకొందుము. మరి తరువాతివాడు విప్పలేనంత గట్టిగా చేయుట మంచిదేనా? పెద్దలు మన చేతికిచ్చిన దానిని మన అక్కరకు తగినట్లు మార్చుకొనుటకు మనకు ఎంతవరకు హక్కున్నది?

ఈ ప్రశ్న ఫిడేళ్ల లోకములో చాలా పెద్దది. ఇటలీ దేశమున క్రెమోనా అను పట్టణము కలదు. అచ్చట అంతోనియో స్ట్రాడివారి అను పనివాడు 1737లో చనిపోవువరకు ఫిడేళ్లు చేసెను. ఆయన చేసిన వాద్యములన్నియు కలిపి ఇప్పటికి సుమారు 650 మిగిలియున్నవని చెప్పుదురు. అయితే ఆయన చేతినుండి వెలువడినట్లే ఉన్న ఫిడేలును చూడగోరిన యెడల దాదాపు ఎక్కడను దొరకదు. 18వ శతాబ్దపు చివరనుండి సంగీతసభలు రాజుల గదులు విడిచి పెద్ద పెద్ద మందిరములకు చేరెను. వెనుక వరుసలోనివానికి కూడ వినబడు నాదము కావలసెను. అందుచేత బాగుచేయువారు ఆ పాత ఫిడేళ్లను విప్పిరి. మెడను కోసివేసి, అంతకంటె పొడవైన మెడను వెనుకకు వాల్చి అమర్చిరి. లోపలి బద్దను తీసివేసి ఇంకను బలమైనది పెట్టిరి. వ్రేళ్లాడు పట్టెను పొడిగించిరి. చుట్టచుట్టిన ఆ తలకాయను మాత్రము పారవేయలేక క్రొత్త మెడకు అతికిరి. ఎంత బిగువైన తంతులు వేసినను తట్టుకొనునట్లు ఫిడేలు గట్టిపడెను. గొంతు పెద్దదాయెను.

మార్పులేక మిగిలినది ఒకటి కలదు. 1690లో మెదీచీ ప్రభువుల కొరకు ఆయన చేసిన పెద్ద వయోలా నేటికిని ఫ్లారెన్సు పట్టణమందు భద్రముగా ఉన్నది. ఆయన వాడిన కర్ర అచ్చులు, కాగితపు కొలతలు కూడ మిగిలినవి. ఆయన కుమారుడు వాటిని 1776లో కోజియో అను ఒక ప్రభువునకు అమ్మెను. చేతులు మారి మారి అవి 1930లో తిరిగి క్రెమోనాకే వచ్చినవి. ఈ కాలమున ఆనాటి రీతి ఫిడేళ్లు చేయువారికి ఆ ఒక్క వయోలాయు, ఆ అచ్చులును పెన్నిధి.

ఔను, ఈ కాలమున పాత రీతి ఫిడేళ్లు చేయువారున్నారు. ఆర్నాల్డు డాల్మెచ్ అను ఆయన (1858–1940) ఇంగ్లండులో ఈ పనికి దారితీసినవారిలో మొదటివాడు. ఇప్పుడు అనేక దేశములలో పనివారు మెడను పాత కోణమునకే నిలిపి, లోపలి బద్దను తేలికగా చేసి, గొర్రె పేగుతో పేనిన తంతులు వేయుచున్నారు. శ్రుతి కూడ తగ్గించుదురు. నేటి సభలలో షడ్జమపు లెక్క వంటి ఒక గుర్తుస్వరమునకు సెకనుకు 440 కంపనములు పెట్టుకొనగా, వీరు 415 పెట్టుకొందురు. పూర్వము ఊరూరికి శ్రుతి వేరుగా ఉండెను గనుక 415 అనునది ఈనాటివారు తమలో తాము చేసికొన్న ఒప్పందమే. ఆ నిజాయితీ నాకు నచ్చినది. తమ పనియంతయు పాతదేనని వారు చెప్పుకొనరు. వాయించువాడు ఈనాటివాడు, విమానములలో తిరుగును, ఎండ చలి మారు ఊళ్లలో వాయించును. వానికి పనికిరాని ఫిడేలు ఎంత పాత కొలతలతో చేసినను గోడకు తగిలించు బొమ్మయే.

ఇంత శ్రమ ఎందుకని నీవు అడుగుదువు. ఒక సంగతి చెప్పెదను. యోహాను సెబాస్టియన్ బాఖ్ అను జర్మను సంగీతకారుడు లైప్‌జిగ్ పట్టణపు దేవాలయములలో పాటలు నడిపించువాడు. 1724లో శుభ శుక్రవారము కొరకు ఆయన యోహాను సువార్త ననుసరించి యేసు శ్రమల సంగీతము కట్టెను. సిలువమీద ప్రభువు చివరి మాట పలికిన చోట, వయోలా ద గాంబా అను వాద్యమును స్వరము ఎత్తించెను. మోకాళ్ల నడుమ నిలుపుకొని వాయించు ఆరేడు తంతుల వాద్యమది. బాఖ్ కాలమునకే అది పాతబడినది, దాని గొంతు చిన్నది. ఆయన తెలిసియే దానిని కోరుకొనెను. తరువాతి తరములవారు ఎన్నో గాంబాలను కోసి పెద్ద గొంతుగల చెల్లోలుగా మార్చిరి. ఆ పాటను పెద్ద గొంతుతో వాయింపవచ్చును, వినువారు మెచ్చవచ్చును. అయినను ప్రాణము విడుచుచున్నవాని గొంతు కొరకు ఆయన ఏర్పరచుకొన్న ఆ బలహీనత అందులో ఉండదు. గాంబాలను తిరిగి చేయువారు లేకపోయిన యెడల ఆ బలహీనత ఎట్టిదో మనము వినకయే పోయియుందుము.

ఇది దొరల దేశపు మాట అని త్రోసివేయకుము. ఏలూరునుండి హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు వెళ్లి చూడుము. 2022లో అది మన ఏలూరు జిల్లాలో చేరినది. అచ్చట తరతరములుగా సరస్వతీ వీణలు చేసిన ఇంటివారు ముసల్మానులు. ఉత్తరమున బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటివారు ఈ పనికి పేరుపొందినవారు. బొబ్బిలిలో ఒకే పనస మొద్దునుండి కుండ, దండి అంతయు తొలిచి ఏకాండి వీణ చేయుదురు. కొల్లేట తాటిమొద్దును తొలిచి దోనె చేయుట నీవు చూచియుందువు. అదే బాడిస, అదే ఉలి, అదే భయము. మొద్దులో ఒక చోట ఎక్కువ తొలిచితిరా, మరి పూడ్చుటకు వీలులేదు.

అయితే అదే వీణలో ఇంకొక భాగము చూడుము. దండి మీద ఇరువది నాలుగు మెట్లు కలవు. అవి కర్రలో దిగగొట్టినవి కావు. మసి కలిపిన మైనము పోసి అందులో నిలిపినవి. తంజావూరును ఏలిన తెలుగు పోషకుడు రఘునాథ నాయకుని కాలమున, అనగా 17వ శతాబ్దపు తొలిపాదమున, ఈ ఇరువది నాలుగు మెట్ల ఏర్పాటు స్థిరపడెనని చెప్పుదురు. స్ట్రాడివారి పుట్టుటకు కొంచెము ముందు మాట. ఏండ్లు గడచి మైనము కుంగినప్పుడు, స్వరము తప్పినప్పుడు, తెలిసినవాడు మైనమును కరగించి మెట్లు తిరిగి నిలుపును. గాంబాకు కూడ మెట్లు పేగుతాడుతో కట్టినవే, జరుపవచ్చును. ఎచ్చట చెవి తీర్పు మారునో అచ్చట పెద్దలు మైనము పెట్టిరి. ఎచ్చట మారగూడదో అచ్చట కర్రను తొలిచిరి. ఈ రెంటిని వేరుచేసి ఎరుగుటయే ఆ పనివాని వివేకమని నాకు తోచుచున్నది. బెసలేలునకు దేవుడు జ్ఞానమిచ్చెనని నిర్గమకాండము చెప్పునప్పుడు కర్రపనిని కూడ ఎందుకు పేర్కొన్నదో ఇప్పుడు కొంచెము అర్థమైనది.

ఫిడేళ్ల మెడలు కోసినవారిని నేను దుష్టులనుట లేదు. వారు అట్లు చేయనియెడల ఆ ఫిడేళ్లలో చాలా భాగము వాడుకలేక మూలబడి చెదలుపట్టిపోయియుండును. అక్కరకు వచ్చిన వస్తువే బ్రదుకును. ఈ మాట న్యాయమైనదే గనుక దాచిపెట్టను. అయితే మార్పు కోరినప్పుడెల్ల కోయవలసినదేనా? ఇదిగో మనవారి సాక్ష్యము. ఫిడేలు మన సంగీతములోనికి వచ్చినది 18వ శతాబ్దపు చివరను, 19వ శతాబ్దపు మొదటను. బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో దొరలయొద్ద నేర్చి దానిని మన పాటకు తెచ్చినవారిలో ముఖ్యుడు. మనవారు ఫిడేలును ఎంత మార్చిరి! నిలుచుండి వాయించుదానిని నేలమీద కూర్చుండి, తలకాయను పాదముమీద ఆనించి వాయించిరి. తంతులను షడ్జమ పంచమములకు కట్టిరి. గమకముల కొరకు వ్రేళ్లను జార్చిరి. విజయనగరమున ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) వాయించుచుండగా అది సముద్రము దాటి వచ్చిన వాద్యమని ఎవనికి తోచును? అయినను కర్రను ఒక్క చోట కూడ కోయలేదు. ఆ ఫిడేలునే రేపు మరల ఒక దొర చేతికిచ్చినయెడల తంతులు సరిచేసికొని తన పాట వాయించుకొనగలడు.

కొల్లేటివారమైన మనకు ఈ భేదము ఎవరును నేర్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు పోవు సరస్సు మనది. దానిలో చేపల చెరువులకు గట్లు వేసితిమి. ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగినది ఆ గట్ల వలననే. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించిరి, 2006లో గట్లు కొట్టివేసిరి. మట్టిగట్టు యంత్రముతో ఒక పూటలో తెగినది. గట్టు తెగినంతమాత్రమున నీరు వెనుకటి నీరు కాలేదు, బ్రదుకుతెరువు పోయినవాని బ్రదుకును వెనుకకు రాలేదు. వేయునప్పుడు విప్పు సంగతి తలంపకపోయినందుకు రెండు విధములను నష్టపడితిమి.

ఇక మన పాటల మాట. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు రాగతాళములతో కట్టిన కీర్తనలు మన సంఘములలో ఉన్నవి. ఇప్పుడు చాలా గుడులలో విద్యుత్తు మీటల వాద్యము వచ్చినది. మా గుడిలోను కొన్నాము. పిల్లలు ఉత్సాహముగా పాడుచున్నారు, నేను వద్దనలేదు. అయితే మీటకు మీటకు నడుమ గొంతు జారు చోటు అందులో దొరకదు గనుక, కీర్తన కొద్దికొద్దిగా మీటల కొలతకు తెగుచున్నది. వాద్యము తప్పు కాదు. పాత వరుస ఎచ్చటనైన మిగిలియున్నంత కాలము ఇది మైనపు మార్పే. అయితే ఆ వరుసకు క్రెమోనాలోవలె కాగితపు కొలతలు లేవు. మా సంఘములో అది ఎనుబదియేండ్లు దాటిన ఇద్దరు అవ్వల గొంతులలో ఉన్నది. ఒకామెకు ఇప్పుడు ఆయాసము. పల్లవి పాడి, చరణమునకు ముందు ఆగును.

తాడేపల్లిగూడెపు పెద్దాయన నా ఫిడేలును మూడు నెలలు తనయొద్దనే ఉంచుకొనెను. పలక తీయుటకు వీలుకాలేదు. చివరకు అంచు పొడవున సన్నని రంపముతో కర్రనే కొంచెము కోసి తీసి, లోపలి బద్దను సరిచేసి, పోయినంత మేర క్రొత్త కర్ర పేలికను అతికెను. నేను తీసికొనుటకు వెళ్లినప్పుడు చిన్న గిన్నెలో జిగురు ఇంకను వెచ్చగా ఉండెను.

"ఈసారి ఊడుతుందండి, భయం లేదు" అని ఆయన నవ్వెను.

ఆ ఆదివారము సాయంకాలము ఫిడేలును అవ్వ ఇంటికి తీసికొనిపోతిని. మా ఉపదేశిగారి మనుమడు తంతులు సరిచేసెను. వానికి వ్రేళ్లు ఇంకను తిరుగవు. ఆమె మంచము మీద లేచి కూర్చుండి, "కొంచెం కిందికి కట్టు అబ్బాయ్, నా గొంతు అంత పైకి పోదు" అనెను. వాడు తంతి సడలించెను.