పాట ఎవరిది? పాడినవాడు ఎవరివాడు?

ఐర్లండు పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. మన జాతీయోద్యమం ఆ దేశపు పోరాటాన్ని తోబుట్టువు పోరాటంగా చూసుకున్నది. ఆ దేశపు కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లె కళాశాలలో పనిచేశాడు. 1919లో రవీంద్రుడు అక్కడ బస చేసినప్పుడు 'జనగణమన' స్వరరచనలో ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ చేయి కూడా ఉన్నది. షా, యేట్స్, జాయిస్ పేర్లు మన కళాశాలల ఇంగ్లీషు శాఖల్లో నిత్యం వినిపించేవే. కాని వీరందరి ద్వారా మనకు తెలిసినది ఇంగ్లీషులో మాట్లాడిన ఐర్లండు. దానికి పడమటి అంచున, రాళ్ళ నేల మీద, ఉప్పుగాలిలో, మరొక భాషలో మాట్లాడిన ఐర్లండు ఉన్నది. ఆ భాషలో వచ్చిన పుస్తకాలను గూర్చి, అక్కడి పాటలను రికార్డులకెక్కించిన తీరును గూర్చి ఆలోచిస్తే ఒక నైతిక సమస్య ఎదురవుతుంది. ఒక జాతి పాటను భద్రపరచి, ఆ పాట పాడినవాడిని పొట్ట చేతబట్టుకొని దేశంకాని దేశం పోనిస్తే, ఆ జాతి తన సంస్కృతిని కాపాడుకున్నట్టా, కాదా?

ముందుగా ఆ భాష ఎట్లా పడమటి అంచుకు చేరిందో చూడాలి. 1831లో స్థాపించిన జాతీయ పాఠశాలల్లో బోధన ఇంగ్లీషులోనే. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. అంతకు మించినవారు ఓడలెక్కారు. అదే కాలంలో తిండిగింజల ఓడలు కూడా ఆ దేశం నుంచి బయటికి పోతూనే ఉన్నాయి. చనిపోయినవారిలోను, వెళ్ళిపోయినవారిలోను ఐరిష్ మాట్లాడే పేదరైతులు, కూలీలే ఎక్కువ. 1851 జనాభా లెక్కల్లో ఆ భాష వచ్చినవారు 15 లక్షలు. 1891 నాటికి 7 లక్షలలోపు. ఐరిష్ మాట్లాడిన ప్రతిసారీ పిల్లవాడి మెడలోని కర్రకు ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కించి కొట్టే పద్ధతి ఉండేది. ఆ గాట్లు పెట్టినవారిలో తల్లిదండ్రులు కూడా ఉన్నారు. బిడ్డ రేపు బోస్టన్‌లోనో న్యూయార్కులోనో బతకాలి. అక్కడ కూడు పెట్టేది ఇంగ్లీషు. ఆ తల్లికి భాషాభిమానం లేదని తీర్పు చెప్పే హక్కు కడుపు నిండినవారికి లేదు. భాషను చంపినది తల్లి కాదు, కౌలు.

1893లో డగ్లస్ హైడ్ ప్రభృతులు గేలిక్ లీగును స్థాపించి భాషోద్ధరణకు పూనుకున్నారు. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడింది. 1937 రాజ్యాంగంలో ఐరిష్ ప్రథమ అధికార భాష అయింది. ప్రథమ అధికార భాషకు పుస్తకాలు ఉండాలి గదా! 1926లోనే ప్రభుత్వం 'అన్ గూమ్' అనే ప్రచురణ శాఖను నెలకొల్పి, ఇంగ్లీషు నవలలను వరుసగా ఐరిష్‌లోకి దింపించింది. 'డ్రాక్యులా' కూడా దిగింది. షోసవ్ మాక్ గ్రియాన వంటి సమర్థుడైన రచయిత ఆ అనువాదాల గానుగకు కట్టుబడి, ఆ బాధను తన ఆత్మకథాత్మక రచనలో కక్కుకున్నాడు. ఆఫీసు కొలతల ప్రకారం భాష తయారుచేయవచ్చునని నమ్మినవారి కథ ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అసలు పుస్తకాలు మరొక దారిన వచ్చాయి. గ్రేట్ బ్లాస్కెట్ అనే చిన్న దీవిలో టొమాస్ ఓ క్రిహిన్ అనే బెస్త ఉండేవాడు. ఐరిష్ నేర్చుకోవడానికి దీవికి వచ్చిన బ్రయన్ ఓ కెల్లీ అనే విద్యావంతుడు ఆయనకు గోర్కీ రచనలు చదివి వినిపించాడు. మనకు 'అమ్మ' ద్వారా పరిచయమైన ఆ గోర్కీయే. రష్యాలో కూలివాడి బతుకు సాహిత్యమైతే, వల వేసేవాడి బతుకు ఎందుకు కాదు? ఆ ప్రేరణతో వ్రాసిన 'దీవివాసి' 1929లో వెలువడింది. నాలుగేళ్ళకు మారిస్ ఓ సలివన్ 'ఇరవై ఏళ్ళ ఎదుగుదల' వచ్చింది. దానిని వ్రాయమని ప్రోత్సహించినవాడు జార్జి థామ్సన్. 'మార్క్సిజం-కవిత్వం' వ్రాసిన థామ్సన్‌కు కవిత్వం శ్రమజీవుల నోట పుట్టిందన్న సంగతి గ్రీకు గ్రంథాల్లో కంటే ఆ దీవి ముసలమ్మల మాటల్లో ముందుగా అర్థమైంది. 1936లో పేగ్ సేయర్స్ ఆత్మకథ వచ్చింది. ఆమె చెప్పగా కొడుకు వ్రాసుకున్నాడు. బతికిన బిడ్డల్లో ఎక్కువమంది అమెరికాకు పోయారు. ఆ పుస్తకాన్ని తరువాతి ప్రభుత్వాలు పాఠ్యగ్రంథం చేసి, తరాల తరబడి పిల్లలచేత బలవంతాన చదివించి, ఆమె పేరంటేనే విసుగు పుట్టించాయి. పేదరాలి దుఃఖాన్ని పరీక్షల ప్రశ్నగా మార్చితే అంతకంటే ఏమవుతుంది? తెలుగు పంతుళ్ళం మనమూ కొన్ని మంచి కావ్యాలకు ఇదే ఉపకారం చేశాము.

ఇంతకూ ఆ దీవి ఏమయింది? ఒకప్పుడు నూటయాభైకి పైగా మనుషులున్న చోట పడవ తోయడానికి కూడా చాలినంత మంది యువకులు మిగలలేదు. 1946-47 చలికాలంలో ఒక యువకుడు వైద్యుడు అందక చనిపోయాడు. 1947లో తుపానుకు చిక్కుకున్న దీవివాసులు తిండి పంపమని నేరుగా ప్రధాని డి వలేరాకు తంతి కొట్టారు. 1953లో మిగిలిన కొద్దిమందినీ అవతలి ఒడ్డుకు చేర్చారు. ప్రపంచ సాహిత్యంలో పేరు తెచ్చుకున్న ఆ ఊరు ఖాళీ అయింది. పుస్తకాలు మాత్రం అచ్చులో ఉన్నాయి.

సరిగ్గా ఈ కాలంలోనే ప్రభుత్వం మరొక గొప్ప పని చేసింది. వ్యంగ్యానికి గొప్ప అనడం లేదు. 1935లో షేమస్ డిలార్గీ నాయకత్వాన ఐరిష్ జానపద విజ్ఞాన సంఘం ఏర్పడింది. సేకర్తలు సైకిళ్ళ మీద ఊరూరా తిరిగారు. 1937 నుంచి రెండేళ్ళ పాటు సుమారు 5,000 పాఠశాలల్లోని 50,000 మంది పిల్లలు ఇంటి పెద్దలనడిగి కథలు, సామెతలు, మందులు, వింతలు వ్రాసి పంపారు. జానపద సాహిత్యం బోధించే ఎవరికైనా ఆ కాగితాల రాశి తలచుకుంటే నోరూరుతుంది. అయితే ఒక వివరం మనసులో గుచ్చుకుంటుంది. కథలను మైనపు గొట్టాల మీద రికార్డు చేసేవారు. ఇంటికి వచ్చి అక్షరం పొల్లుపోకుండా వ్రాసుకున్న తరువాత, డబ్బు చాలని సంఘం గనుక, ఆ గొట్టం పైపొరను గీకి నున్నగా చేసి మళ్ళీ వాడేవారు. కథ కాగితం మీద మిగిలింది. చెప్పిన గొంతు మైనపు పొట్టయి రాలిపోయింది. అది ఎవరి దుర్మార్గమూ కాదు, బీదతనం. అయినా ఆ సంస్కృతి విధానమంతా ఆ గీకుడులో కనబడుతున్నదని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ మిత్రులు అడ్డు చెప్పవచ్చు: 'వ్రాసుకోకపోతే అదీ పోయేది గదా? సేకర్త వలసలను ఆపగలడా? పాట మానవజాతి సొత్తు; ఒక పాటగాడి కష్టసుఖాలతో దానిని ముడిపెట్టడం న్యాయమా?' ఈ వాదంలో మొదటి సగం నిజం. సేకర్త దోషి కాడు. 1942 నుంచి 1947 దాకా ఆ సంఘానికి పాటలు కూర్చిన షేమస్ ఎన్నిస్ సంగతి చూడండి. కానమారా ప్రాంతపు గ్లిన్‌స్క్‌లో కోలమ్ ఓ కీన్ అనే బెస్త-రైతు దగ్గర ఆయన రెండు వందలకు పైగా పాటలు వ్రాసుకున్నాడు. కాగితం పట్టుకొని గట్టున కూర్చోలేదు. అతనితో పాటు పనిలో దిగాడు, తాను గాలితిత్తి బూర ఊది వినిపించాడు, స్నేహితుడయ్యాడు. సేకరణ ఒక మానవ సంబంధం కాగలదనడానికి అది తార్కాణం. కాని రెండవ సగం ఒప్పుకోలేము. పాట మానవజాతి సొత్తు అన్న మాట ఎప్పుడూ పాటను తీసుకుపోయేటప్పుడే వినిపిస్తుంది. పాడినవాడికి పొలమూ పనీ అడిగితే మానవజాతి అక్కడ కనిపించదు. భద్రపరచడం తప్పు కాదు. భద్రపరచి, దానితో బాకీ చెల్లిపోయిందనుకోవడం తప్పు. పైగా అదే రాజ్యం 1935లో నృత్యశాలల చట్టం తెచ్చింది. మతగురువులూ పోలీసులూ దానిని చేతబట్టుకొని, పల్లెల్లో వంటింటి అరుగుల మీద జరిగే ఆటపాటల మీద కూడా విరుచుకుపడ్డారు. ఒక చేత్తో పాటలు వ్రాసుకుంటూ మరొక చేత్తో పాడే చోటును మూయించడమన్న మాట.

యంత్రాన్ని నిందించి లాభం లేదు. గ్రామఫోను కథ దీనికి సాక్ష్యం. స్లైగో ప్రాంతపు ఫిడేలు విద్వాంసుడు మైకేల్ కోల్మన్ 1914లో అమెరికా చేరాడు. 1921 నుంచి 1936 దాకా న్యూయార్కులో ఆయన ఇచ్చిన రికార్డులు కొన్నది ఎవరు? అక్కడ ఇళ్ళలో పాచిపని చేసిన, రైలుదారులు వేసిన వలసజీవులు. కంపెనీలకు వారొక బజారు. అంతకంటే ప్రేమ లేదు. ఆ రికార్డులు పార్సిళ్ళలో ఐర్లండు పల్లెలకు తిరిగి వచ్చాయి. వాటిని విని కొత్త తరం ఫిడేలు పట్టింది. నిజమే, స్లైగో బాణీ ముందు తమ ఊరి బాణీని చిన్నబుచ్చుకొని వదిలేసినవారూ ఉన్నారు. ఈ నష్టం గూర్చి పండితులు వాపోతారు. అయినా దేశంలో పని దొరకని కళాకారుడు దూరతీరం నుంచి తన దేశానికి సంగీతం నేర్పడం ఎంత విచిత్రం! దాచిన పాట కంటే తిరిగిన పాట ఎక్కువ బతుకుతుందని ఆ పల్లెటూరి ఫిడేళ్ళు చెబుతాయి.

స్వతంత్ర ఐర్లండు తరువాత తానే రికార్డులు వేసింది. 1953లో పుట్టిన గేల్ లిన్ సంస్థ, 1959లో మొదలైన క్లాడా కంపెనీ అచ్చమైన పాటగాళ్ళను, బూర ఊదేవారిని శ్రద్ధగా రికార్డు చేశాయి. 1959లోనే షాన్ ఓ రియాడ 'మిషె ఏర' చిత్రానికి పల్లె రాగాలతో వాద్యబృంద సంగీతం కట్టి నగరాన్ని మేల్కొలిపాడు. గేల్ లిన్ రికార్డు చేసినవారిలో కార్నా ప్రాంతపు జో హీనీ ఒకడు. వాద్యం తోడు లేకుండా, కళ్ళు మూసుకొని, ఒక్క గొంతుతో పాడే పాత బాణీలో అతనికి సాటి తక్కువ. అంతటివాడు బ్రిటన్‌లో కట్టుబడి కూలి చేశాడు. తరువాత న్యూయార్కులో ధనికుల మేడ వాకిట తలుపు తీసే కాపలావాడయ్యాడు. 1982లో అమెరికా అతనికి జాతీయ గౌరవం ఇచ్చింది. 1984లో సియాటిల్‌లో చనిపోయాడు. అతని గొంతు ఇప్పుడు అక్కడి విశ్వవిద్యాలయం టేపుల్లో ఉన్నది.

ఈ వైరుధ్యాన్ని అందరికంటే స్పష్టంగా చూసినవాడు మార్టిన్ ఓ కైన్. కానమారా బిడ్డ, బడిపంతులు. విప్లవ సంస్థతో సంబంధమున్నదని 1936లో ఉద్యోగం ఊడింది. యుద్ధకాలంలో నాలుగేళ్ళకు పైగా నిర్బంధ శిబిరంలో గడిపాడు. ఇతడిని కూడా కలం పట్టించినది గోర్కీయే. ఒక గోర్కీ కథను ఫ్రెంచి అనువాదంలో చదివి, ఇవి మా ఊరి మనుషులే గదా అనుకున్నాడు. 1949లో ఇతని నవల 'క్రే న కిల్లె', అంటే శ్మశానపు మట్టి, వెలువడింది. పాత్రలన్నీ చనిపోయినవారే. మట్టికింద పడుకొని చాడీలు చెప్పుకుంటారు, తిట్టుకుంటారు, పైనున్నవారి అప్పుల లెక్క అడుగుతారు. భాష చచ్చిపోతున్నదని పట్నపు పెద్దమనుషులు కన్నీరు కారుస్తుంటే, ఇతడు శవాలచేత కూడా సజీవ భాష మాట్లాడించాడు. 1950లో చేసిన ఒక ఉపన్యాసంలో జానపద పరిశోధకుల మీద నిప్పులు కురిపించాడు. ప్రజల వాఙ్మయాన్ని చచ్చిన వస్తువుగా చూస్తున్నారనీ, బతికిన మనుషుల వర్తమానం వారికి పట్టదనీ అతని ఆక్షేపణ. డిలార్గీ వంటి నిష్ఠాపరుల పట్ల అది కొంత అన్యాయమే. కాని బాధ్యత గల అన్యాయం.

ఎందుకంటే ఓ కైన్ విమర్శతో ఆగలేదు. కానమారా పేదలకు భూమి కావాలని 1930లలోనే ఆందోళనలో నిలబడ్డాడు. దాని ఫలితంగా 1935లో 27 కుటుంబాలకు, డబ్లిన్‌కు వాయవ్యంగా సారవంతమైన మీత్ జిల్లాలోని రాహ్ కార్న్ దగ్గర తలా సుమారు 22 ఎకరాల చొప్పున భూమి దక్కింది. భాషా సమస్య భూమి సమస్య అని అతను గ్రహించాడు. నిఘంటువు కంటే ముందు పట్టా కావాలి. 1969లో ఐరిష్ ప్రాంతపు యువకులు పౌరహక్కుల ఉద్యమం లేవదీసి, మరుసటి ఏడు అనుమతి లేకుండా తామే రేడియో నడిపితే తప్ప, 1972లో ప్రభుత్వం వారి భాషకు రేడియో కేంద్రం ఇవ్వలేదు.

ఈనాడు ఆ పాత సేకరణల్లో ఎన్నో ఎవరైనా ఇంట కూర్చొని చూడగల స్థితికి వచ్చాయి. మంచిదే. 2022 లెక్కల ప్రకారం ఐరిష్ వచ్చునని చెప్పుకున్నవారు సుమారు 18 లక్షల 70 వేలు. బడి బయట రోజూ మాట్లాడేవారు 72 వేలలోపే. పడమటి ఊళ్ళలో ఇప్పుడు యువకుల గోడు వేరు: సెలవులకు వచ్చే ధనికుల విడిదిళ్ళ మధ్య తమకు ఇల్లు దొరకడం లేదు. సమస్య కౌలు నుంచి అద్దెకు మారింది.

రాహ్ కార్న్ మాటకు వస్తే, 1967లో ప్రభుత్వం దానిని ఐరిష్ భాషా ప్రాంతంగా గుర్తించింది. ఇప్పటికీ అక్కడ ఆ భాష ఇళ్ళల్లో వినిపిస్తుంది. 1935లో అక్కడికి చేరిన కుటుంబాల పిల్లల్లో డారక్ ఓ కహాన్ ఒకడు. పాత బాణీ గాయకులలో అగ్రగణ్యుడని షాన్ ఓ రియాడ చేత అనిపించుకున్నాడు. అయితే అతను కూడా ఆ ఊళ్ళో నిలబడలేదు. బిడ్డల్ని వెంటబెట్టుకొని ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి పోయి కట్టుబడి పనుల్లో కుదిరాడు. 1975లో గేల్ లిన్ అతని పాటల రికార్డు వేసింది. అప్పటికి అతని చిరునామా లీడ్స్.