మొదటి మాట, చివరి మాట

వాక్యభాగము: 1 కొరింథీ. 10:31



జర్మనీ దేశములో యోహాను సెబాస్టియన్ బాక్ అను సంగీత విద్వాంసుడుండెను. 1685లో జన్మించి, పదియేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులను పోగొట్టుకొనెను. 1720లో ప్రయాణమునుండి ఇల్లు చేరుసరికి ఆయన భార్యను సమాధి చేసియుండిరి. ఇరువదిమంది బిడ్డలలో పదిమందియే పెరిగి పెద్దవారైరి. 1723 మొదలు 1750లో మరణించువరకు లైప్జిగు పట్టణపు దేవాలయములలో ఆరాధనకు సంగీతము కూర్చి, బాలురకు నేర్పి పాడించెను.

ఆయన తన వ్రాతప్రతులు అనేకముల పైభాగమున 'యేసూ, సహాయము చేయుము' అనియు, చివర 'దేవునికి మాత్రమే మహిమ' అనియు భావమిచ్చు లాటిన్ అక్షరములు వ్రాసెడివాడు. బిడ్డలను పాతిపెట్టిన చేయియే ఆ అక్షరములు వ్రాసెను.

మనమో, ఆదివారము కంజరి కొట్టి పాడుదుము. సోమవారము చేనిలో దేవుని మరతుము. పంట పండిన యేడు కృతజ్ఞతార్పణ తెత్తుము. వాన తప్పిన యేడు గుడి గడప తొక్కము. పౌలు భక్తుడు తినుట, త్రాగుట వంటి చిన్న పనులను సహితము దేవుని మహిమలో చేర్చెను గదా!

కావున జొన్నలు విత్తునాడు ఆ మొదటి మాట చెప్పుడి. కోతనాడు కళ్ళము నిండినను నిండకున్నను చివరి మాట చెప్పుడి. నడుమ కష్టము మనది, మహిమ దేవునిది. ఆమేన్.