విహారమా, ఆరాధనా?

తీరిక ప్రయాణం వృథా అని కొందరు సోదరులంటారు. మేమలా అనుకోవడం లేదు. భూమిపై సంచరించి గతజాతుల పర్యవసానం చూడమని దివ్యఖుర్ఆన్ పదేపదే బోధిస్తోంది.

స్పెయిన్‌లోని ఖుర్తుబా జామె మస్జిదు 8వ శతాబ్దిలో మొదలై, 1236లో చర్చిగా మారింది. 1492లో గర్నాతా చేజారింది. ఒంటరి బాటసారి ఆ తోరణాలు చూసి నిట్టూర్చి వస్తే అది విహారమే. వైభవం అల్లాహ్ అప్పగించిన అమానతు అని గ్రహిస్తే ఆరాధన.

అందుకు స్పెయిన్ దాకా పోనక్కర్లేదు. బూర్గంపాడు నుండి గోదావరి వెంట నడిచినా చాలు. భద్రాచలం వద్ద 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరిన వరద ఎవరి హోదానూ అడగలేదు.

పాఠం నేర్చామనడానికి గుర్తేమిటి? గర్వం తగ్గాలి. జకాతు హక్కుదారుల్లో బాటసారీ ఉన్నాడు. అతనికి మన తలుపు తెరుచుకోవాలి. అల్లాహ్ మనకు గ్రహించే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.