నీడకెవరు వద్దంటారు

కొండని మేం మొదట రంగు డబ్బాల్లో చూశాం. సాలూరు లారీషెడ్లలో ముప్పై ఏళ్లు బొమ్మలు వేశాం. క్యాబిను నెత్తిన ఉదయించే సూర్యుడు, రెండు కొండల నడుమ ఏరు, ఏటి ఒడ్డున పూరిల్లు, వెనక తలుపు మీద నెమలి. మేం వేసిన కొండల్ని మోసుకుని ఆ లారీలు పాచిపెంట మీదుగా పి.కోనవలస ఘాట్‌రోడ్డెక్కి ఒడిశాలోకి పోయేవి. నిజం కొండ మా షెడ్డుకి సైకిలు మీద గంట దూరంలోనే ఉంది. తలెత్తి చూసే తీరిక మాకు రాలేదు.

మేమంటే ఇద్దరం, మొగుడూ పెళ్లాం. బ్రష్షు పట్టిన చేతులు ఒకరివి, కుట్టుమిషను తొక్కిన కాళ్లు ఇంకొకరివి. ఇద్దరం అనుకుని రాస్తున్నది గనక ఏ మాట ఎవరిదో విడదీసి చెప్పం. మేమన్న మాట అక్కడక్కడా ఇద్దరిని దాటి మా కౌమంతా అవుతుంది. అది మా తప్పు కాదు. మేం ఇద్దరంగా ఉన్నచోట కూడా మమ్మల్ని కౌముగానే చూస్తారు.

షెడ్డులో చేరింది 1992లో, పదిహేడో ఏట. ఆ ఏడే డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. తర్వాతి వారం ఒకే కంచంలో తిన్న కుర్రాడు నవ్వుతూనే అడిగాడు, "మీ దేశం ఎప్పుడు పోతారు?" అని. మేమూ నవ్వాం. ఆ నవ్వు ముప్పై ఏళ్లు నవ్వుతూనే ఉన్నాం. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ట్రంకుపెట్టె దించి కాగితాలు వెతికాం. అబ్బా రేషను కార్డు, నానీ పేరు తప్పు పడ్డ ఓటరు చీటీ, చెద తిన్న బడి సర్టిఫికెట్టు. ఇన్ని తరాలు ఇక్కడే బతికి, ఇక్కడే కబరస్తానులో పడుకున్నవాళ్ల గుర్తు అంతా కలిపి ఒక పెట్టె అడుగు కూడా నిండలేదు. భూమి కాగితం ఒక్కటీ లేదు. మాకెప్పుడూ భూమి లేదు.

తర్వాత పని పోయింది. బ్రష్షుతో నాలుగు రోజులు వేసే బొమ్మ స్టిక్కరుగా వచ్చి గంటలో అతుక్కుపోతోంది. థిన్నరు వాసనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. రంగు మానేస్తే బతుకుతారన్నాడు డాక్టరు. నలభై ఏడేళ్ల వయసులో, తెలిసిన ఒక్క పనీ మానేస్తేనే బతుకుతావంటే ఆ బతుకు ఏమిటో అతను చెప్పలేదు. 2022లో, పార్వతీపురం మన్యం జిల్లా కొత్తగా ఏర్పడ్డ ఏడు, కుట్టుమిషను ఆటోలో వేసుకుని పాచిపెంట చేరాం. ఒక అద్దె గది. తెల్లారుజామున కొండ దిక్కు నడక.

గాలి ఊపిరితిత్తుల్ని బాగుచేసింది. అది నిజం, దాచం. మూడు నెలల్లో దగ్గు సగమైంది. ఫజర్ నమాజుకి గెడ్డ నీళ్లతో వజూ చేసి బండ మీద నిలబడేవాళ్లం. భూమి అంతా నమాజు చోటేనని మాకు చిన్నప్పుడే చెప్పారు. అయినా మసీదు గోడల మధ్య తప్ప, భయం లేకుండా ఆరుబయట నిలబడి నమాజు చేసిన గుర్తు మాకు లేదు. ఎవరైనా చూస్తారేమో, ఏమైనా అంటారేమో అని వెనక్కి తిరిగి చూడకుండా సలాం చెప్పింది మొదటిసారి ఆ బండ మీదే. ఇంకో సంగతి కూడా తెలిసింది. ముప్పై ఏళ్లు మేం కొండకి వేసిన రంగు తప్పు. తెల్లారుజామున కొండ పచ్చగా ఉండదు. బూడిద రంగుకీ వంకాయ రంగుకీ మధ్య ఏదో రంగు. ఆ రంగు మా డబ్బాల్లో లేదు.

సాలూరులో లారీషెడ్ల చమురు కడుక్కునే వేగావతి ఈ పాచిపెంట కొండల్లోనే పుడుతుందని కూడా ఇక్కడికి వచ్చాకే మనసుకెక్కింది. చిన్నప్పటినుంచీ తాగిన నీళ్లు ఎవరి ఇంటినుంచి వచ్చాయో నలభై ఏడో ఏట తెలుసుకున్నాం.

నడివయసులో కొండెక్కడం మాతో మొదలైంది కాదు. మా ప్రవక్తకి హిరా గుహలో మొదటి సందేశం అందింది క్రీస్తుశకం 610లో, దాదాపు నలభై ఏళ్ల వయసులో. బాగ్దాదులో నిజామియా మదర్సాకి పెద్ద పంతులుగా ఉన్న ఇమాం గజాలీ 1095లో, ముప్పై ఏడేళ్లకి, పాఠం చెబుతూ చెబుతూ నోరు పెగలక ఉద్యోగం, హోదా వదిలి దేశాలు పట్టిపోయాడు. ఈ రెండు కథలూ మేం వాజుల్లో ఎన్నోసార్లు విన్నాం. వాటి చివర మాత్రం సరిగా వినలేదు. ప్రవక్త గుహలో ఉండిపోలేదు. వణుకుతూ ఇంటికి దిగివచ్చాడు, ఆ తర్వాత మనుషుల మధ్య రాళ్లదెబ్బలు తిన్నాడు. గజాలీ కూడా పదకొండేళ్లకి, 1106లో, నిషాపూరులో మళ్లీ పాఠం చెప్పడానికి కూర్చున్నాడు. కొండ ఇచ్చింది తీసుకుని కిందికి రావాలి. ఉండిపోతే అది బాగుపడటం కాదు, పారిపోవడం.

మేం ఉండిపోవాలనుకున్నాం. అసలు కథ అక్కడ మొదలైంది.

ఎగువ పల్లెలో గెడ్డ పక్కన అరెకరం, నాలుగు జీడిమామిడి చెట్లు, ఒక పెద్ద చింతమాను. కింద రోడ్డు మీద పరిచయమైన మధ్యవర్తి చెప్పాడు, "గిరిజనుడి పేరు మీద రాయించుకుందాం. పేరు వాళ్లది, పంట మీది. ఏజెన్సీలో ఇదేం కొత్త కాదు." కుట్టుమిషను మీద కూడబెట్టిన డబ్బు ఉంది. రాత్రంతా నిద్రపట్టలేదు. అది నేల మీద ఆశ మాత్రమే కాదు. ఆ ట్రంకుపెట్టెలో ఒక్క పట్టా కాగితం పెట్టాలని ఆశ. రేపు ఎవడైనా మీదెక్కడ అని అడిగితే ఇదిగో అని చూపించాలని. కాగితం మీద మా పేరు ఉండదని తెలిసి కూడా ఆశపడ్డాం. మనిషి ఎంత దాహంతో ఉంటే ఎండమావి అంత నీళ్లలా కనిపిస్తుంది.

మర్నాడు ఆ చింతమాను కింద కూర్చున్న కొండదొర పెద్దాయన్ని మాటల్లో పెట్టాం. మేం ఏం అడగబోతున్నామో ఆయనకి ముందే తెలిసినట్టుంది. "నీడకి ఎవులొద్దంతారు సాయిబుగోరూ? కూకోండి. మాను మాత్రం అడక్కండి" అన్నాడు. కోపంగా అనలేదు. అని, అంబలి తెప్పించాడు.

మా ఒళ్లు మండింది. ఆ సంగతి కూడా దాచం. పుట్టినప్పటినుంచీ విన్న మాటే కదా ఇది. అద్దె ఇంటికి పోతే మీకివ్వం అన్నారు. పండగ చందాలప్పుడు మీది కాదన్నారు. చివరికి కొండ మీద అంబలి పోసిన మనిషి కూడా మీది కాదనే అన్నాడు. ఇంక మాకు ఎక్కడుంది చోటు?

ఆ కోపం దిగడానికి చాలా రోజులు పట్టింది. దిగేకొద్దీ ఒక ప్రశ్న మిగిలింది. "ఇది మీది కాదు" అనే రెండు మాటలూ ఒకటేనా?

ఒకటి కాదు. ఒకే మాటని ఇద్దరు అన్నప్పుడు, అన్నవాడి చేతిలో ఏముందో చూడాలి. మా పక్క కంచంలో తిన్నవాడు "మీ దేశం పోండి" అన్నప్పుడు అతని వెనక సంఖ్య ఉంది, పోలీసుస్టేషను ఉంది, పత్రిక ఉంది. మాకున్నది లాక్కోడానికి అన్నమాట అది. కొండదొర వెనక ఏముంది? లాక్కోగా మిగిలింది ఉంది. అది కాపాడుకోడానికి అన్నమాట ఇది.

ఈ కొండల చరిత్ర అంతా ఆ మాటకి సాక్ష్యమే. ఉప్పుకీ బట్టకీ అప్పు ఇచ్చి, వడ్డీకింద నేల రాయించుకునే షావుకార్లని ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూబదలాయింపు చట్టం చేసింది. ఆగలేదు. 1959లో ఇంకో నిబంధన వచ్చింది. అదీ ఆగలేదు. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలో లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం రగిలింది. ఆ తర్వాతే 1970లో, మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే సవరణ వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో నేల గిరిజనులకి తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదని, గిరిజనేతరుడి చేతిలో నేల ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చినట్టే అనుకోవాలని అది చెప్పింది. అరకు దారిలో అనంతగిరి కొండల గనుల మీద నడిచిన సమత కేసులో, ప్రభుత్వం కూడా అక్కడి నేలని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో తీర్పిచ్చింది. ఇన్ని కట్టుబాట్లు పెట్టాక కూడా మా మధ్యవర్తి "ఇదేం కొత్త కాదు" అనగలిగాడంటే, ఎన్ని ఎకరాల మీద ఎవరి పేరు ఉందో, ఎవరు తింటున్నారో మనమే ఊహించుకోవచ్చు.

మేమూ పేదవాళ్లమే కదా, షావుకార్లం కాం కదా అని ఎవరైనా అడగొచ్చు. మేమూ మమ్మల్ని అలాగే సమాధానపరుచుకున్నాం. కానీ పేదవాడి అరెకరం కూడా పోయినవాడికి పోయిన అరెకరమే. పైగా దెబ్బతిన్నవాడు ఇంకొక దెబ్బతిన్నవాడి చోటు ఆక్రమిస్తే, పైవాడి పని తేలికవుతుంది. మైనారిటీ అన్న మాటకి ఏదైనా నీతి ఉంటే, అది ఇక్కడ పరీక్షకి నిలబడాలి. మా మీద జరిగిన అన్యాయం మాకు హక్కుల్ని అడిగే నోరిస్తుంది. ఇంకొకరి నేల మీద హక్కునివ్వదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ దేశంలో మేం అతిథులం కాం. ఇక్కడి పౌరులం. దానికి ఎవరి దయా అక్కర్లేదు, పెట్టెలో కాగితాలు ఎన్నున్నా లేకున్నా. ఈ కొండ మీద మాత్రం మేం మెహమాన్‌లం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావని తెలుసుకోడానికి మాకు సగం జీవితం పట్టింది. భూమి అల్లాది, మనిషి చేతికిచ్చింది అమానతు అని మేం నమ్ముతాం. అలా నమ్మేవాళ్లం ఒక పట్టా కాగితంలో మా ఉనికిని వెతుక్కోవడం ఏమిటి? మా ఉనికిని కాగితాల్లో వెతికేది మమ్మల్ని అనుమానించేవాడు. వాడి కళ్లతో మమ్మల్ని మేం చూసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటే మా అసలు జబ్బు. థిన్నరుది తర్వాత.

అట్లాగని కొండని మందుసీసాలా పొగడం. అరకుకి 2017నుంచి అద్దాల బోగీ నడుస్తోంది. అద్దంలోంచి చూస్తే కొండ అందంగానే ఉంటుంది. నిరుడు వానాకాలంలో ఎగువ పల్లెనుంచి నొప్పులు పడుతున్న ఒక పిల్లని డోలీ కట్టి దించారు. ఆ రాత్రి కింది మలుపునుంచి రోడ్డు దాకా ఒక కొన మేమూ మోశాం. మాకు ఊపిరిచ్చిన ఆ ఏకాంతమే, ఆ నిశ్శబ్దమే, ఆ పిల్లకి ఆస్పత్రి దూరమైంది. మేం ప్రశాంతత అనుకున్నదాన్ని వాళ్లు రోడ్డు లేకపోవడం అంటారు. తిండి చాలని రోజుల్లో మామిడి టెంకల పిండితో అంబలి కాచుకున్న సంగతులు పెద్దాయన చెబుతుంటే, కొండగాలి గురించి మేం మాట్లాడే మాటలు మాకే సిగ్గనిపించాయి. తల్లీ బిడ్డా బతికారు. మా భుజం మీద వెదురు ఒరుసుకున్న మచ్చ మిగిలింది. ఆ మచ్చే మేం ఇక్కడ సంపాదించుకున్న ఆస్తి.

అరెకరం కొనలేదు. మధ్యవర్తికి చెప్పేశాం. పాచిపెంటలోనే ఉంటున్నాం. మిషను మీద బడిపిల్లల బట్టలు కుడుతున్నాం. నీళ్లలో కలిపే రంగులతో డాక్టరుకి అభ్యంతరం లేదు గనక, ఎగువ పల్లె పిల్లలకి గోడ మీద అక్షరాలు రాసిపెట్టాం. అ పక్కన అమ్మ, ఆ పక్కన ఆవు. కొ పక్కన కొండ వేయాల్సి వచ్చింది. చాలాసేపు రంగు కలిపాం. ఇంకా కుదరలేదు.

కిందటి వేసవిలో ఎగువ పల్లెలో మామిడి కొత్త చేశారు. ఆ పండగ అయ్యేదాకా అక్కడివాళ్లు మామిడికాయ తినరు. చెట్టు వాళ్లదే, కాయ వాళ్లదే, ఆకలి కూడా వాళ్లదే. అయినా ఆగుతారు. పారే ఏటి ఒడ్డున వజూ చేస్తున్నా నీళ్లు వృథా చెయ్యొద్దని మాకు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. సొంతమైనదాని ముందు కూడా చెయ్యి ఆపుకోవడం వాళ్ల దేవతా మా దీనూ ఒకేలా నేర్పాయి. మేం వాళ్ల దగ్గరికి పోయి, మాది కానిదాని ముందు చెయ్యి చాపాం.

పండగనాడు మాకూ ఒక కాయ పెట్టారు. మానుని అడగలేదు. నీడలో కూర్చుని తిన్నాం.