కూడికలో సమానత్వం

రెండు అంకెలను కూడినంత మాత్రాన వాటి వెనక వున్న మనుషులు సమానులవుతారా? యీ ప్రశ్న చిన్నపిల్లల లెక్కలా కనిపించవచ్చు. కాని సమానత్వాన్ని గురించి మనం చేసే వాదాలలో చాలా వాటికి మూలం యిక్కడే వుందని నా అభిప్రాయం. అమెరికా విశ్వవిద్యాలయాల సైకిల్ పందాలను వుదాహరణగా తీసుకుని దీన్ని పరిశీలిస్తాను.

యీ పందాలలో స్త్రీలూ పురుషులూ విడివిడిగా పోటీ చేస్తారు. కాని జాతీయ పోటీలలో జట్టు విజేతను నిర్ణయించేటప్పుడు యిద్దరి పాయింట్లనూ ఒకే పద్దులో కలుపుతారు. యీ పోటీలను నడిపేది యు.ఎస్.ఎ. సైక్లింగ్ అనే సంస్థ. అక్కడి ప్రధాన కళాశాల క్రీడలను శాసించే ఎన్.సి.ఎ.ఎ.కి యిందులో పాత్ర లేదు. చాలాచోట్ల జట్టంటే విద్యార్థులు తామే నడుపుకునే క్లబ్బు. అలాంటి క్లబ్బు స్త్రీలను చేర్చుకుంటుందా, చేర్చుకుంటే ఎలా చూస్తుంది అనే విషయంలో యీ లెక్కకు చాలా బలం వుంది.

దీనికి ఒక అభ్యంతరం వుంది. పురుషుల పందెంలో 60 మంది, స్త్రీల పందెంలో 12 మంది వున్నారనుకోండి. 60 మందిలో అయిదో స్థానానికీ, 12 మందిలో అయిదో స్థానానికీ ఒకే విలువ ఎలా కడతారు? స్త్రీల పాయింటు చవక కాదా?

యీ వాదంలో లెక్క వుంది, చరిత్ర లేదు. ఒలింపిక్ క్రీడలలో పురుషుల రోడ్డు సైకిల్ పందెం 1896లోనే వుంది. స్త్రీలకు ఆ పందెం 1984లో, లాస్ ఏంజెలిస్‌లో గాని రాలేదు. 88 సంవత్సరాలు తలుపు మూసి వుంచి, తెరిచిన తర్వాత లోపలికి వచ్చినవాళ్లను లెక్కబెట్టి, "మీరు కొద్దిమందే కదా, మీ విలువ కొద్దే" అనడం ఏ న్యాయం? అసమానులను ఒకే కొలతతో కొలిస్తే అసమానతే మిగులుతుందని 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మార్క్స్ చూపించాడు. స్త్రీల పోటీలో జనం తక్కువగా వుండడం పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు, సమాజం చేసిన పని. దాని జరిమానాను స్త్రీల చేత కట్టించకూడదు.

అయితే యింతటితో సంతృప్తి పడి కూడికకు జేజేలు కొట్టడానికి నేను సిద్ధంగా లేను. ఒక క్లబ్బుకు పురుషుల వల్ల 200 పాయింట్లు వచ్చాయి, స్త్రీలు ఒక్కరూ లేరు. మరో క్లబ్బుకు పురుషుల వల్ల 100, స్త్రీల వల్ల 80 వచ్చాయి. కూడిక ప్రకారం మొదటిదే గెలుస్తుంది. స్త్రీపురుషుల వుమ్మడి విజేత అనే బిరుదు స్త్రీలే లేని క్లబ్బుకు దక్కుతుంది! రూపం సమానత్వానిది, సారం పాతదే.

యిక రెండో ప్రమాదం వుంది. ఆ 20 పాయింట్ల కోసం రెండో క్లబ్బు ఒక అమ్మాయిని వెతికి తెచ్చి, "పందెం పూర్తి చేస్తే చాలు, పాయింట్లు వస్తాయి" అనవచ్చు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని కాంట్ చెప్పిన నీతి యిక్కడ సూటిగా తగులుతుంది. ఆమెను పిలవడం తప్పు కాదు. పాయింట్లు లెక్కపెట్టిన మర్నాడు ఆమె కొలతకు సరిపడే సైకిలు వుందా, నేర్పే మనిషి వున్నాడా, క్లబ్బు నిర్ణయాలలో ఆమెకు వోటు వుందా? ఆమె సహచరియా, పనిముట్టా అన్నది యీ ప్రశ్నలకు వచ్చే జవాబులే తేలుస్తాయి.

అలాగయితే పద్దులు వేరుగానే వుంచితే పోలేదా? ఇండియానా విశ్వవిద్యాలయంలో "లిటిల్ 500" అనే సైకిల్ పందెం 1951లో మొదలయింది. స్త్రీల పందెం 1988లో వచ్చింది. పురుషులకు 200 చుట్లయితే వారికి 100. వేరు పందెం వల్ల స్త్రీలకు తమదైన విజయం, తమదైన పేరు వచ్చాయి. అది చిన్న లాభం కాదు. కాని ఎవరి లెక్క వారిదైనచోట, స్త్రీలు రాకపోతే పురుషుల జట్టుకు పోయేదేమీ వుండదు. నష్టం లేనివాడికి బాధ్యత గుర్తుకు రాదు.

కలవడంలో పోగొట్టుకునేది కూడా వుంటుందని చరిత్ర చెబుతున్నది. అమెరికాలో కళాశాల స్త్రీల క్రీడలకు ఎ.ఐ.ఎ.డబ్ల్యు. అనే సొంత సంస్థ 1971లో ఏర్పడింది. విద్యాలయాలలో లింగ వివక్షను నిషేధించిన "టైటిల్ నైన్" చట్టం 1972లో వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు పురుషుల సంస్థగా వున్న ఎన్.సి.ఎ.ఎ. స్త్రీల పోటీలను కూడా చేపట్టడంతో ఎ.ఐ.ఎ.డబ్ల్యు. మూతపడింది. ఆడే స్త్రీల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. కాని 1972లో స్త్రీల జట్ల శిక్షకులలో నూటికి 90కి పైగా స్త్రీలే వుండగా, తరవాత వారి సంఖ్య సగానికి దిగువకు పడిపోయింది. మైదానం దొరికింది, పెత్తనం చేజారింది.

కనక ప్రశ్న కలపాలా వద్దా అన్నది కాదు, ఎలా కలపాలన్నది. 2019 నుంచి ప్రపంచ సైకిల్ పోటీలలో మిశ్రమ రిలే పందెం వుంది. ముందు ముగ్గురు పురుషులు, తరవాత ముగ్గురు స్త్రీలు తొక్కుతారు. రెండో స్త్రీ గీత దాటినప్పుడు జట్టు సమయం ముగుస్తుంది. పురుషులు ఎంత వేగంగా పోయినా స్త్రీలు లేని జట్టుకు ఫలితమే లేదు. ఒకరి స్థానాన్ని మరొకరు పూరించలేరు.

విశ్వవిద్యాలయాల పందాలలోనూ పాయింట్లకు బదులు స్థానాలను కూడవచ్చు. పురుషులలో మొదటి స్థానం, స్త్రీలలో 20వ స్థానం వచ్చిన క్లబ్బుకు మొత్తం 21. మూడవ, నాలుగవ స్థానాలు వచ్చిన క్లబ్బుకు 7; అదే గెలుస్తుంది. మొత్తంతో పాటు రెండు పట్టికలనూ విడిగా ప్రకటించాలి, అప్పుడు ఏ లోపమూ దాగదు. స్త్రీ విద్యార్థులు తక్కువగా వున్న సాంకేతిక కళాశాలలకు యిది భారమంటారా? నిజమే, భారమే. అయితే ఆ భారం మోయవలసింది క్లబ్బు, ఒంటరిగా వచ్చిన ఆ ఒక్క అమ్మాయి కాదు. కొత్తగా నేర్చుకునే స్త్రీల పందాలకూ పాయింట్లిస్తే, ఆమె పక్కన మరో నలుగురు నిలబడడానికి దారి ఏర్పడుతుంది.

లెక్కల పద్ధతి న్యాయాన్ని పుట్టించలేదు; అన్యాయం ఎక్కడ వుందో బయటపెట్టగలదు, లేదా కప్పిపెట్టగలదు. మన సంఘాలలో "మనమంతా ఒకటే" అనే మాట వినిపించినప్పుడల్లా, ఆ ఒకటిలో ఎవరి వాటా ఎంత, నిర్ణయం ఎవరి చేతిలో వుంది అని విద్యార్థులూ వుపాధ్యాయులూ అడగాలి. ఆ ప్రశ్నకు భయపడే ఐక్యత ఐక్యత కాదు.