మునిగిన ఊరికి మైల ఎవరిది? సిబారిస్, జటప్రోలు: ఒక నైతిక పరిశీలన

దక్షిణ ఇటలీ తీరంలో క్రీ.పూ. 8వ శతాబ్ది చివర గ్రీకు వలసదారులు స్థాపించిన సిబారిస్ నగరం సారవంతమైన నేలవల్ల, వర్తకంవల్ల అపార సంపద గడించింది. సుమారు క్రీ.పూ. 510లో పొరుగు నగరమైన క్రోటన్ దానిని జయించి, క్రాతిస్ నదిని మళ్లించి ముంచివేసిందని స్ట్రాబో రాశాడు. ఆ వార్త విని దూరాన ఆసియా మైనర్‌లోని మిలెటస్ పౌరులు తలలు గొరిగించుకొని శోకించారనీ, తరువాత మిలెటస్ కూలినప్పుడు సిబారిస్ శేషజనం ఆ ఋణం తీర్చలేదనీ హెరొడోటస్ అంటాడు. తెలుగువారి మాటలో చెప్పాలంటే, మిలెటస్ పరాయి ఊరికి మైల పట్టింది. ఊరికీ చావుంటుందని, ఆ చావు ఇతరుల మీద ఒక బాధ్యత మోపుతుందని హెరొడోటస్ అభియోగం అంగీకరిస్తున్నది.

నాగర్‌కర్నూల్ జిల్లాలోని జటప్రోలు విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలం. చంద్రికాపరిణయ కర్త సురభి మాధవరాయల సంస్థానానికి అది రాజధాని. రాజధాని కొల్లాపురానికి మారాక దాని ప్రాభవం తగ్గింది. 1980వ దశకంలో శ్రీశైలం జలాశయం పాత ఊరిని కప్పేసింది. మదనగోపాలస్వామి ఆలయాన్ని విప్పి వేరొకచోట తిరిగి కట్టారు. కృష్ణా తుంగభద్రల సంగమంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయమూ అలాగే అలంపురం చేరింది. అది సామాన్యమైన పని కాదు. అయితే గుడిని తరలించినట్లు రచ్చబండ చుట్టూ అల్లుకున్న మాటను, పెద్దల సమాధులున్న దిబ్బను తరలించే శిల్పశాస్త్రం లేదు.

సిబారిస్‌ను శత్రువు ముంచాడు. జటప్రోలును విద్యుత్తు కోసం, సాగునీటి కోసం సొంత ప్రభుత్వమే ముంచింది. అందువల్ల ఇక్కడ శోకిస్తే ప్రజాహితాన్ని నిరాకరించినట్లు ధ్వనిస్తుందన్న సంకోచం ఉంది. ఈ సంకోచం నిలవదు. యుద్ధం ధర్మమని నమ్మి గెలిచిన ధర్మరాజు సైతం మృతులకు తిలోదకాలు విడిచాకే పట్టాభిషేకానికి వచ్చాడు. పని న్యాయమైనదైతే శోకించే బాధ్యత తీరిపోదని భారతకథ తెలిసిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నిజానికి లబ్ధి పొందినవారిపైనే ఆ బాధ్యత ఎక్కువ. మిలెటస్‌కు సిబారిస్ పతనంవల్ల ఒరిగింది లేదు. శ్రీశైలం దీపాల వెలుగులో చదువుకున్నవారికి అలా చెప్పుకొనే వీలు లేదు.

1894 భూసేకరణ చట్టం నిర్బంధ సేకరణకు ప్రతిగా భూమి విలువపై 15 శాతం అదనంగా ఇమ్మన్నది. 1984 సవరణతో అది 30 శాతమైంది. న్యాయపరిభాషలో దాని పేరు సొలేషియం. లాటిన్ మూలంలో ఆ మాటకు ఓదార్పు అని అర్థం. భూమి లేని కూలీకి లెక్కగట్టవలసిన విలువే లేదు గనుక అతని వంతు ఓదార్పు సున్న.