మోసపోవటం ఎవరి తప్పు?

విదేశాల్లో ఉద్యోగాలు చూపించే వెబ్‌సైట్లు వచ్చాక దళారీ పీడ విరగడయిందనే వాళ్లున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. దుబాయిలో ఏ కంపెనీకి ఎలక్ట్రీషియన్లు కావాలో కోరుకొండ కుర్రవాడు ఇంటి అరుగుమీద కూచునే తెలుసుకోగలడు. అతని తండ్రి కాలంలోనైతే, ఆ కబురుకోసం రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎవణ్నో ఆశ్రయించవలసి వచ్చేది. పైగా 1997లో మొదలైన నౌక్రీ వంటి వాటిలో ప్రకటనకు డబ్బు ఇచ్చేది యజమాని. పేరు నమోదు చేసుకోవటానికి అభ్యర్థి ఇవ్వనక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు.

ఐతే ఈ మార్పును మెచ్చుకునేవాళ్లు దానివెంట మరొక వాదం తెస్తారు. వెతికింది అతనే, ఎంచుకున్నది అతనే, ఒప్పుకున్నదీ అతనే. కాబట్టి చెడితే బాధ్యత కూడా అతనిదేనట. మోసపోయి వచ్చినవాణ్ని చూసి, “ముందే చూసుకోవద్దా?” అంటారు. నా పేచీ ఈ ప్రశ్నతో.

గోదావరి జిల్లాలకు వలస కొత్త కాదు. కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలనేవారు. తీసుకుపోయేది మేస్త్రీ. ఓడ ఖర్చుకు బయానా ఇచ్చి, ఆ అప్పు కూలిలో కోసుకునేవాడు. కూలివాడు ఒప్పుకునే వెళ్లాడు; ఆ ఒప్పుకోలు వెనక ఆకలి ఉందని మనం మరిచిపోం. అలాంటివాళ్లే 1930 మే నెలలో రంగూను రేవులో కూలి పెంచమని సమ్మెకట్టారు. యజమానులు బర్మా కూలీలను దించారు, సమ్మె తీరాక వాళ్లను వెళ్లగొట్టారు. పేదలమీద పేదలు పడ్డారు. ఎందరో తెలుగువాళ్లు చచ్చిపోయారు. ఆ విషాదం అలా ఉంచి ఒక్క సంగతి గమనించాలి. ఒకే రేవులో పక్కపక్కన మూటలు మోశారు గనక, ఒకడి కూలి ఎంతో ఇంకొకడికి తెలుసు. అందుకే సమ్మె సాధ్యమయింది.

తెరముందు కూచున్న అభ్యర్థి ఒంటరివాడు. తనలాంటి మరో వందమంది ఎంత జీతానికి సిద్ధపడ్డారో అతనికి కనిపించదు. యజమానికి మాత్రం వందమంది దరఖాస్తులూ ఒక్కచోట కనిపిస్తాయి. ఎంచుకునే స్వేచ్ఛ ఇద్దరికీ ఉందనటం తేలిక. ఏమి తెలిసి ఎంచుకుంటున్నారన్నదే ప్రశ్న.

చట్టం కూడా ఈ ప్రశ్నను సగమే పట్టించుకుంది. 1983 వలస చట్టం ప్రకారం విదేశాలకు మనుషులను పంపే ఏజంటు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. కాని వెళ్లేముందు అనుమతి అవసరమయ్యేది ప్రధానంగా పదో తరగతి పాసుకానివాళ్లకు, అదీ గల్ఫు సహా 18 దేశాలకు వెళ్లేటప్పుడు. చదువుకున్నవాడు తనను తాను కాపాడుకుంటాడని ఇందులోని ఊహ. 2024లో విశాఖపట్నంలో బయటపడిన కంబోడియా వ్యవహారం ఈ ఊహను తలకిందులు చేసింది. సింగపూరులో కంప్యూటరు పని అని చెప్పి, ఏజంట్లు యువకులను బాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ నిర్బంధించి వాళ్లచేత సైబర్ మోసాలు చేయించారు. కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. ఆ యువకులు చదువురానివాళ్లు కారు. కంప్యూటరు తెలుసు గనకే పనికొచ్చారు!

ఇక డబ్బు సంగతి. పనికోసం వచ్చినవాడి దగ్గర ఏజెన్సీలు రుసుము పుచ్చుకోరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో 181వ ఒడంబడికలో రాసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. మన నిబంధనలు ఏజంటును 30,000 రూపాయలదాకా, దానిపై జి.ఎస్.టి.తో సహా, అభ్యర్థి దగ్గరే తీసుకోనిస్తాయి. ధాన్యం అమ్మిన రైతు దగ్గర దళారీ కమిషను కోస్తే అన్యాయమంటాం. శ్రమ అమ్ముకునేవాడి దగ్గర కోస్తే మాత్రం అది మామూలే అనుకుంటాం. మామూలనుకున్న చోటే దొంగ ఏజంటు కూడా చెయ్యి చాస్తాడు. డబ్బు అడగటమే నేరమని ఊరందరికీ తెలిసివుంటే, అడిగిన క్షణానే వాడు పట్టుబడేవాడు.

జాగ్రత్తలు చెప్పవద్దని నేననటం లేదు. విజిటింగు వీసామీద పనికి వెళ్లరాదనీ, ఏజంటు పేరును ప్రభుత్వ ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవాలనీ విద్యార్థులకు చెప్పి తీరాలి. కాని జాగ్రత్త చెప్పటం వేరు. జాగ్రత్తపడలేదు గనక అనుభవించు అనటం వేరు. ఈ రెండోది మోసగాడి నేరాన్ని మోసపోయినవాడి తెలివితక్కువగా మార్చేస్తుంది.

వెబ్‌సైటువాడు మాత్రం తాను వట్టి గోడనంటాడు. గోడమీద ఎవడేం అంటిస్తాడో తనకేం తెలుసునంటాడు. గోడ ప్రకటనకింత అని వసూలు చెయ్యదు గదా! ప్రకటన ఇచ్చినవాడు నమోదైన ఏజంటో కాదో చూసుకొమ్మని కోరుకొండ కుర్రవాడికి బోధించేముందు, ప్రచురించటానికి డబ్బు తీసుకున్నవాడే ఆ పని ఎందుకు చెయ్యడని మనం అడగాలి.